లేటుగా పుట్టిన లేటెస్ట్ ఇంజిన్!

ఓ రాత్రి రీల్స్ చూస్తుంటే స్క్రీన్ మీదకి ఓ ఆకుపచ్చ ఆవిరి ఇంజిన్ వచ్చింది. మనకు తెలిసిన పొగబండి అంటే నల్లగా, మసిగొట్టుకుని ఉంటుంది కదా! ఇదేమో పెళ్లికి ముస్తాబైనట్టు నిగనిగలాడుతోంది. నంబరు చూస్తే 242ఎఫ్-2009. ‘2009లో ఆవిరి ఇంజిన్ తయారుచేశారా?’ అని ఆశ్చర్యపోయా.

మా తాతయ్య బిట్రగుంట లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా చేశాడు. అందుకే పొగబండి కనిపిస్తే చాలు, నా వేలు స్క్రోల్ చేయడం మానేస్తుంది. ఆ నంబరు వెంటపడి వెతికితే స్పెయిన్ దాకా వెళ్లా.

2009 అంటే సంవత్సరం కాదట. స్పెయిన్‌లో ఇంజిన్ నంబరే దాని జాతకం. ముందున్న 242... ముందు రెండు ఇరుసులు, మధ్యలో నాలుగు, వెనక రెండు అని చెబుతుంది. చక్రాల లెక్కలో చెప్పాలంటే 4-8-4. ‘ఎఫ్’ అంటే బొగ్గు బదులు ఫర్నేస్ ఆయిల్‌తో నడిచేది. తర్వాతి 2 అంటే రెండు సిలిండర్లు. చివరి 009... ఆ రకంలో తొమ్మిదో ఇంజిన్!

గేర్లు లేని బండి

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగే అయినా, ఆవిరి ఇంజిన్‌కు గేర్‌బాక్స్ ఉండదన్న సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. పిస్టన్ ఒకసారి అటూ ఇటూ కదిలితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంతే! కాబట్టి స్పీడుగా పోవాలంటే పెద్ద చక్రం కావాలి. బరువు లాగాలంటే చిన్న చక్రం నయం. పట్టాల మీద పట్టు దొరకాలంటే ఇంజిన్ బరువు ఎక్కువ భాగం తిరిగే చక్రాల మీదే పడాలి. బరువంతా రెండు మూడు ఇరుసుల మీదే వేస్తే పట్టాలు తట్టుకోవు. అందుకని లాగే చక్రాల సంఖ్య పెంచాలి.

నేల చదునుగా ఉంటే ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌కు లాగే చక్రాలు ఆరు చాలు. మన దగ్గర మెయిల్ బండ్లు లాగిన డబ్ల్యూపీ ఇంజిన్లకు ఆరే ఉండేవి. ఒక్కోటీ 1.7 మీటర్లు.

స్పెయిన్‌లో ఆ లెక్క కుదరలేదు. ఆ దేశం నడిమధ్యన పెద్ద పీఠభూమి. రాజధాని మాడ్రిడ్ సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంటుంది. తీరం నుంచి రాజధానికి రావాలన్నా, అక్కణ్నుంచి ఉత్తరానికి పోవాలన్నా కొండలెక్కాల్సిందే. అందుకే అక్కడి రెండు పెద్ద రైల్వే కంపెనీలు, నోర్తే, ఎంజెడ్‌ఏ, 1925లో ఎనిమిది లాగే చక్రాలున్న 4-8-2 రకం ఎక్స్‌ప్రెస్ ఇంజిన్లకు మారాయి. ఆ రకానికి ఉన్న పేరు కూడా ‘మౌంటెన్’! 1939 నాటికి ఎంజెడ్‌ఏ పైన నున్నటి తొడుగు వేసి, గాలిని చీల్చుకుపోయేలా పది ఇంజిన్లు చేయించుకుంది. తర్వాత 1941లో ప్రభుత్వం పెద్ద కంపెనీలన్నిటినీ కలిపి ‘రెన్ఫే’ని ఏర్పాటుచేసింది.

రెండు తలల ఎక్స్‌ప్రెస్

వీటిలో నాకు భలే నచ్చినవి గారట్‌లు. మధ్యలో ఒకే బాయిలర్. దానికి ముందొక ఇంజిన్, వెనకొక ఇంజిన్. మలుపుల్లో రెండూ విడివిడిగా తిరుగుతాయి. అంత పొడవున్నా వంపుల్లో హాయిగా పోతుంది. మన బెంగాల్ నాగపూర్ రైల్వేలోనూ గారట్‌లుండేవి. కాకపోతే అవి బరువైన గూడ్స్ బండ్లకు.

స్పెయిన్‌లో సెంట్రల్ ఆరగాన్ రైల్వే మాత్రం 1931లో ప్యాసింజర్ ఎక్స్‌ప్రెస్‌ల కోసమే ఆరు గారట్‌లు తెప్పించుకుంది. బిల్బావోలోని యుస్కాల్దునా వాళ్లు తయారుచేశారు. లాగే చక్రాలు 1.75 మీటర్లు. మన డబ్ల్యూపీ కంటే పెద్దవి, అదీ ఒక్కో ఇంజిన్‌కు పన్నెండు! వాలెన్సియా తీరం నుంచి ఎస్కందోన్ కనుమ దాకా సుమారు 1200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఇంచుమించు సముద్రం ఒడ్డున బయల్దేరి మన హార్స్‌లీ హిల్స్ ఎక్కినట్టు. అదీ బోగీలన్నీ వెంటేసుకుని!

పదిమంది అన్నదమ్ములు

ఇక నా ఆకుపచ్చ ఇంజిన్ సంగతి. బార్సిలోనాలోని లా మాకినిస్తా ఫ్యాక్టరీలో 1955-56లో ఇలాంటివి పది తయారయ్యాయి. పేరు ‘కాన్ఫెడరేషన్’. కెనడాలో 4-8-4 ఇంజిన్లను పిలిచిన పేరే ఇక్కడా అంటుకుంది.

టెండర్‌తో కలిపి బరువు 200 టన్నుల పైమాటే. లాగే చక్రాలు ఎనిమిది, ఒక్కోటీ 1.9 మీటర్లు. పొడవైన మనిషి పక్కన నిలబడితే తల చక్రం అంచుకి కూడా రాదు. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఆరు మీటర్లు ముందుకెళ్తుంది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదు చుట్లు. రెండు సిలిండర్లూ చుట్టుకు నాలుగుసార్లు ఆవిరిని వదులుతాయి. అంటే సెకనుకు ఇరవై ‘ఛుక్’లు! ఇక ఛుక్ ఛుక్ ఎక్కడ వినిపిస్తుంది? ఒకటే హోరు.

ఆ ఆవిరిని చప్పున బయటికి పంపడంలోనే ఉంది అసలు ఇంజినీరింగ్. పనైపోయిన ఆవిరి సిలిండర్లో ఇరుక్కుంటే పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. అందుకే దీనికి ‘కిల్‌చాప్’ అనే జంట పొగగొట్టం పెట్టారు. ఫిన్లాండ్‌కు చెందిన కైలాలా, ఫ్రాన్స్‌కు చెందిన షాపెలాన్... ఈ ఇద్దరి పేర్లూ కలిస్తే కిల్‌చాప్. బయటికెళ్లే ఆవిరే ఫైర్‌బాక్స్‌లోకి గాలి లాగుతుంది కాబట్టి, దారి సాఫీగా ఉంటే మంటా బాగుంటుంది, పిస్టన్‌కీ అడ్డు తగ్గుతుంది. ఆవిరి తలుపుల్లాంటి వాల్వులు కూడా కారు ఇంజిన్‌లోలా టక్కున తెరుచుకుని మూసుకునే రకం. ఆవిరి ఇంజిన్ గురించి వందేళ్లకు పైగా నేర్చుకున్నదంతా ఒకచోట పెట్టినట్టే!

పైగా ఆయిల్ మంట. ఫైర్‌మన్ పార పట్టక్కర్లేదు, వాల్వు తిప్పితే సరి. తాతయ్య బతికుంటే ‘పార లేకుండా ఫైర్‌మన్ ఏంట్రా?’ అనేవాడు.

అటూ కరెంటు... ఇటూ కరెంటు

అసలు ట్విస్ట్ ఇక్కడే. మాడ్రిడ్ నుంచి ఫ్రాన్స్ సరిహద్దులోని ఇరున్‌కు వెళ్లే ప్రధాన లైన్ మీద ఈ పదిటినీ దింపారు. అప్పటికే దక్షిణాన మాడ్రిడ్ నుంచి ఆవిలా దాకా, ఉత్తరాన అల్సాసువా నుంచి ఇరున్ దాకా కరెంటు తీగలొచ్చేశాయి. మధ్యలో ఆవిలా-మిరాందా ముక్క మీద వీటి రాజ్యం. అంతేకాదు, ఇవి పుట్టడానికి ఐదేళ్ల ముందే, 1950లో, అదే దారిలో డీజిల్‌తో నడిచే తేలికపాటి టాల్గో రైలు మొదలైంది. ఆ టాల్గో పేరు మీరూ వినే ఉంటారు. 2016లో దిల్లీ-ముంబయి మధ్య ట్రయల్ రన్ చేసింది ఆ కంపెనీ బోగీలే!

కరెంటు తీగలు రెండు వైపులనుంచీ దగ్గరవుతుంటే ఆ రాజ్యం కుదించుకుపోయింది. ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే కాన్ఫెడరేషన్‌లు పక్కకు తప్పుకున్నాయి. 1975 జూన్ 23న అప్పటి యువరాజు హువాన్ కార్లోస్ చేతుల మీదుగా రెన్ఫే చివరి ఆవిరి ఇంజిన్ మంట ఆర్పేశారు. పదింటిలో మిగిలింది ఒక్కటి... నా రీల్‌లో కనిపించిన 2009.

ఇదంతా చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను పనిచేసేది పెట్రోల్ ఇంజిన్ల మీద. ఒక్క శాతం మైలేజీ పెంచడానికి మా టీమ్ నెలల తరబడి కుస్తీ పడుతుంది. బయటికొస్తే రోడ్డంతా ఎలక్ట్రిక్ స్కూటర్లు! నేనూ ఆవిలా-మిరాందా మధ్యలో ఉన్నానేమో అనిపించింది.

తాతయ్య ఓ మాట అనేవాడు... ‘నాకు చెయ్యి తిరిగేసరికి ఇంజిన్లే పోయాయిరా’ అని. నవ్వుతూనే అనేవాడు. తర్వాత డీజిల్ ఇంజిన్ పని నేర్చుకుని అసిస్టెంట్ డ్రైవర్ అయ్యాడు. ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పే ఆయన చెవి మాత్రం పొగబండి దగ్గర తయారైందే. డీజిల్ దగ్గరా అది పనికొచ్చింది.

మర్నాడు ఆఫీసుకెళ్లి రెండు పనులు చేశా. ఎలక్ట్రిక్ మోటార్ల కోర్సులో చేరా. ఫోన్ వాల్‌పేపర్‌గా ఆ ఆకుపచ్చ ఇంజిన్ పెట్టుకున్నా.