నైజర్‌ నది మీద నా ఆదివారం

ప్రాజెక్టు పని మీద మూడు నెలలు నైజీరియాలోని అబూజాలో ఉన్నా. సెలవు రోజు ఎక్కడికెళ్లాలని ఆఫీసులో ఎవర్ని అడిగినా ఒకటే మాట... 'లొకోజా వెళ్లు'. నైజర్‌, బెన్యూ నదులు కలిసేది అక్కడే. అసలు ఆ దేశానికి పేరొచ్చిందే నైజర్‌ నుంచి.

సంగమాన్ని పైనుంచి చూద్దామని మౌంట్‌ పాటి కొండెక్కా. జనవరి కదా, సహారా నుంచి వీచే హర్మటాన్‌ గాలి దుమ్ముకి కింద ఏమీ కనపడలేదు. ఇన్‌స్టా ఫొటో ఆశ వదులుకుని, దిగొచ్చి పడవెక్కా.

అసలు చూడాల్సింది ఇక్కడే ఉంది. కొందరు కుర్రాళ్లు నీళ్లలో మునిగి బకెట్లతో ఇసుక తోడి పడవలో పోస్తున్నారు. ఒడ్డున ఒకామె బట్టలు ఉతుకుతోంది, పక్కనే ఇంకొకామె గిన్నెలు తోముతోంది, వాళ్లకి నాలుగడుగుల దూరంలోనే ఓ పిల్లాడు క్యాన్‌లో నీళ్లు పట్టుకుంటున్నాడు. తాగడానికేనట! మా పడవలో రెండు బైకులు, దుంపల బస్తాలు, ఒక మేక. లైఫ్‌ జాకెట్‌ మాత్రం ఒక్కటీ లేదు. నాకు ఈత రాదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా పడవ అంచు వదిలితే ఒట్టు.

ఈ నది పుట్టేది గినీ కొండల్లో. అక్కడికి సముద్రం సుమారు 240 కిలోమీటర్లే. అయినా అటు వెళ్లకుండా ఎడారి అంచుదాకా పోయి, వంపు తిరిగి, దాదాపు 4,180 కిలోమీటర్లు ప్రవహించి గినీ సింధుశాఖలో కలుస్తుంది. అరేబియా సముద్రానికి దగ్గర్లో పుట్టి బంగాళాఖాతం దాకా వచ్చే మన గోదారి గుర్తొచ్చింది.

పడవాయన పిడ్జిన్‌, నా ఇంగ్లిష్‌ కలవడానికి కాస్త టైమ్‌ పట్టింది. కలిశాక ఇంటికి తీసుకెళ్లాడు. గోడ మీద నా తలకి జానెడు పైన మట్టి గీత. 2022 వరద. అప్పుడు అబూజా రోడ్డు కూడా మునిగిపోయింది.

"మళ్లీ ఇక్కడికే ఎందుకొచ్చారు?" అనడిగేశా. అడక్కుండా ఉండాల్సింది.

"పైన అద్దె ఎవరు కడతారు? పడవ దగ్గరికి రోజూ బైకు డబ్బులెవరిస్తారు?" అన్నాడు. వరద తీశాక మిగిలిన ఒండ్రులో వాళ్లావిడ బెండ వేసింది, అదీ చూపించాడు. తర్వాత దూలానికి వేలాడదీసిన ప్లాస్టిక్‌ సంచీ. అందులో పిల్లల సర్టిఫికెట్లు. సెప్టెంబరు వస్తే ముందు దించేది దాన్నేనట.