అట్టముక్కల్లో అలనాటి ఊరు

కాప్రా: పాత శుభలేఖలు, చిరిగిన పతంగులు, ఖాళీ అగ్గిపెట్టెలు, అగరుబత్తీ డబ్బాల అట్టలు... ఇవన్నీ చెత్తకుండీలోకి పోవలసినవేనని అందరూ అనుకుంటారు. కాస్త లై, ఒక కత్తెర, నాలుగు రోజుల తీరిక ఉంటే ఇవే ఒక ఊరుగా మారతాయి. చెరువు, కట్ట, పొలాలు, గుట్ట అన్నీ ఒక పీట మీదికి వచ్చి కూర్చుంటాయి.

రంగు కాగితాల ముక్కలు అతికించి బొమ్మ కూర్చడాన్ని కొలాజ్ అంటున్నారు. అట్టతో, మట్టితో, పుల్లలతో ఒక దృశ్యాన్ని చిన్నదిగా చేసి నిలబెడితే అది డయోరమా. పేర్లు పరాయివే అయినా పని మాత్రం తెలుగు ఇళ్లకు కొత్తది కాదు.

రోటిలో దంచిన కాగితం

పాత కాగితాలను చింపి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టడం, తెల్లవారి నానిన మెంతులతో కలిపి రోట్లో దంచడం మన నాయనమ్మలకు, అమ్మమ్మలకు వచ్చిన విద్యే. ఆ గుజ్జును చాటల సందులకు మెత్తేవారు. గింజలు జారిపోకుండా చాట గట్టిపడేది. కుండను బోర్లించి దానిపై గుజ్జు అద్ది, ఎండిన తర్వాత ఊడదీస్తే బుట్ట తయారయ్యేది. మెంతుల్లోని బంకే దానికి పట్టు. పైసా ఖర్చు లేదు.

ఇక బొమ్మల కొలువు సంగతి చెప్పనక్కరలేదు. కొందరు దసరాకు, మరికొందరు సంక్రాంతికి మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారు. కింది మెట్టు దగ్గర నేల మీద పల్లెటూరు తీర్చడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అద్దం ముక్క చెరువవుతుంది. పళ్లెంలో మొలిపించిన రాగులో, ఆవాలో పచ్చని పొలమవుతాయి. తెల్ల పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మల్లోని రైతులు, పల్లె పడుచులు అక్కడ కాపురం పెడతారు. అచ్చంగా డయోరమా అంటే ఇదే.

మూడు జిల్లాలు చూసిన చెరువు

కొలువులోని పల్లె సాధారణంగా ఏ ఊరూ కాని ఊరు. దాని స్థానంలో సొంత ఊరిని నిలబెడితే ఎలా ఉంటుందన్నది ఇక్కడ ఆలోచించదగిన విషయం.

కాప్రానే తీసుకుందాం. ఊర చెరువు అని కూడా పిలిచే కాప్రా చెరువు ఒకప్పుడు హైదరాబాద్ జిల్లాలో ఉండేది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడగా అందులోకి వెళ్లింది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. చెరువు కదలలేదు, జిల్లాలే మారాయి. 1967లో ఈసీఐఎల్ కర్మాగారం రావడంతో ఈ ప్రాంతానికి నలుమూలల నుంచి ఉద్యోగులు చేరారు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. అటు నాచారంలో పారిశ్రామికవాడ వెలిసింది. కాప్రా, ఉప్పల్ పురపాలక సంఘాలు 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయాయి.

ఈ మార్పులో మంచీ ఉంది, చెడూ ఉంది. బడి, ఆసుపత్రి, బస్సు దగ్గరయ్యాయి. కాని చెరువు కింద కాలువ ఎటు పారేది, కళ్లం ఎక్కడ వేసేవారు, ఏ మర్రి కింద పశువులు నిలిచేవి అన్నది కాగితం మీద ఎక్కడా లేదు. అది పెద్దవాళ్ల బుర్రల్లో మాత్రమే ఉంది. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వారితోపాటు ఊరు కూడా వెళ్లిపోతోంది. ఫోటోలు ఉన్న ఇళ్లు తక్కువ. ఉన్న ఫోటోల్లో పెళ్లివారు కనిపిస్తారే గాని పొలాలు కనిపించవు. ఈ ముప్పు కాప్రాకే పరిమితం కాదు. పట్నానికి పాతిక మైళ్ల దూరంలోని ఊళ్లకు కూడా ప్లాట్ల రాళ్లు వచ్చేశాయి.

ద్వారకను మించిన ఉదాహరణ ఏది?

చిన్న ఇళ్లతో ఊరు కడితే పిల్లలాటలా ఉంటుందేమోనన్న సందేహం అక్కరలేదు. 1957లో విడుదలైన ‘మాయాబజార్’ సినిమాలోని ద్వారకానగరం చూసి మురిసిపోని తెలుగువారు లేరు. కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల ఆధ్వర్యంలో మద్రాసు వాహినీ స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో సుమారు 300 బొమ్మ ఇళ్లు కట్టి, వాటికి విద్యుద్దీపాలు పెట్టి ఆ నగరాన్ని సృష్టించారు. తెర మీద అది మహానగరం. నేల మీద ఒక పెద్ద బొమ్మల కొలువు! సినిమా చిత్రీకరణలు జరిగిన నాచారం వారికి సెట్టింగుల మాయ కొత్తగా చెప్పవలసిన పని లేదు.

ఆ మాయలోని కిటుకు కొలతలో ఉంది. మనిషి బొమ్మ రెండు అంగుళాలు ఉంటే గుమ్మం రెండున్నర అంగుళాలు ఉండాలి. అదే లెక్కన 60 అడుగుల తాటిచెట్టు రెండడుగులకు కాస్త తక్కువగా వస్తుంది. చాలామంది చెట్లను మరీ చిన్నవిగా చేసి బొమ్మను పాడుచేస్తారు. చెట్టు పెద్దదైతేనే మనిషి మనిషిలా కనిపిస్తాడు. రెండో కిటుకు దూరం. ముందున్న ఇళ్లు పెద్దవిగా, వెనుకవి చిన్నవిగా చేయాలి. వెనుకనున్న మౌలాలి గుట్టను లేత నీలి, బూడిద రంగు కాగితాలతో అతికిస్తే అది మైలు దూరంలో ఉన్నట్లే తోస్తుంది. దూరపు వస్తువు కంటికి వెలిసినట్లు కనబడడమే ఇందుకు కారణం.

చేసే తీరు

ముందుగా ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి ఊరి పటం గీయించుకోవాలి. చెరువు ఎటు, ఊరు ఎటు, దారి ఎటు అన్న మూడు గుర్తులు చాలు, మిగిలినవి వాటంతట అవే గుర్తుకొస్తాయి. ఇద్దరు పెద్దలను అడిగితే ఇంకా మంచిది. ఒకరు మరిచింది మరొకరు అందుకుంటారు. సర్వే ఆఫ్ ఇండియా వారి నక్షాల్లో గుట్టల ఎత్తును గీతలతో చూపుతారు. ఒక్కొక్క గీత ఆకారంలో ఒక్కొక్క అట్ట కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి అతికిస్తే గుట్ట లేస్తుంది. పైన కాగితపు గుజ్జు మెత్తితే మెట్లు కనబడవు. ఈ నక్షాల పని నేర్పే సంస్థ ఉప్పల్‌లోనే ఉండడం విశేషం.

గోడలకు శుభలేఖల అట్ట బాగుంటుంది. గుడిసె కప్పుకు కొబ్బరి పీచు, కంచెకు చీపురు పుల్లలు, బండికి అగ్గిపెట్టె సరిపోతాయి. చెరువుకు అద్దం కన్నా పతంగి కాగితం మేలు. నీలం మీద ఆకుపచ్చ, దానిపై మళ్లీ నీలం పొరలు పొరలుగా అతికిస్తే కింది రంగు పైకి తేలి, లోతైన నీళ్లలా కనిపిస్తుంది. కాగితాన్ని అన్నిచోట్లా కత్తిరించకూడదు. చేత్తో చింపితే అంచు నూగుగా వస్తుంది. చెట్ల ఆకులకు, మబ్బులకు ఆ అంచే అందం.

అతికించడానికి మైదా లై చాలు. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లలు కూర్చునే చోట వాడరాదు. ఏ రోజు లై ఆ రోజే ఉడికించుకుని, అతికించిన ప్రతి పొరను పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితేనే బూజు పడుతుంది.

వయసు అడ్డు కాదు

చేతులు వణికే వయసులో ఇదేం పని అనుకునే పెద్దలకు ఇంగ్లండుకు చెందిన మేరీ డిలేనీ కథ చెప్పవలసి ఉంది. 1700లో పుట్టిన ఆమె 72 ఏళ్ల వయసులో రంగు కాగితాలు కత్తిరించి పూలమొక్కల బొమ్మలు అతికించడం ప్రారంభించారు. కంటిచూపు సహకరించినంత కాలం, అంటే సుమారు పదేళ్లు ఆ పని సాగించారు. నల్ల కాగితం మీద ఆమె పూయించిన దాదాపు వెయ్యి మొక్కలు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మన దేశంలోనే శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ కంటి శస్త్రచికిత్స తర్వాత చూపు పూర్తిగా కోల్పోయారు. అయినా పని మానలేదు. కాగితాన్ని వేళ్లతో తడుముతూ కత్తిరించి బొమ్మలు కూర్చారు. సత్యజిత్ రాయ్ 1972లో ఆయనపై ఒక డాక్యుమెంటరీ చిత్రమే తీశారు. కంటికి కనిపించనిది జ్ఞాపకానికి కనిపిస్తుందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం వేరే అక్కరలేదు.

ఊరి పెద్దలకూ అదే వర్తిస్తుంది. కత్తెర పట్టడం మనవలకు వచ్చు. ఏది ఎక్కడ పెట్టాలో తాతకు తెలుసు. ఈ ఇద్దరినీ ఒక పీట దగ్గర కూర్చోబెట్టగలిగినది ఈ కాగితపు పని. "తూము ఇక్కడ కాదురా, ఇంకాస్త ఇటు" అని తాత చేయి చాపిన క్షణాన ఊరి చరిత్రలో ఒక ముక్క మనవడి చేతికి అందినట్లే.

రాబోయే పండుగకు మెట్ల మీద దేవుళ్లను ఎప్పటిలాగే పేర్చవచ్చు. కింద నేల మీద మాత్రం ఈసారి సొంత ఊరిని నిలబెట్టి, పక్కన ఒక అట్టముక్క మీద ఆ చెరువు పేరు, కాలువ పేరు, చెప్పిన పెద్దల పేరు రాసి పెడితే బాగుంటుంది. పండుగ వెళ్లాక బొమ్మలు పెట్టెలోకి వెళ్లినా, ఆ అట్టముక్కను మాత్రం పారవేయకూడదు.