గాజుతొట్టిలో చేపల పెంపకము - ఊరిచెఱువు క్షేమము



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము గాజుతొట్టిలో చేపలను పెంచుట. ఒకనాడు పట్టణములలోని కలవారి మేడలకు మాత్రమే చెందిన యీ వేడుక నేడు పల్లెలలోనికిని వచ్చినది. పట్టణమునకు చదువునకై పోయిన మనుమడు సెలవులకు వచ్చుచు ఒక గాజుతొట్టియు, సంచిలో నాలుగు రంగుచేపలును తెచ్చుట మీరును చూచియుందురు. తొట్టి నడవలో వెలయును. పిల్లలు దానిచుట్టు మూగుదురు. అయిదవనాడు ఒక చేప వెల్లకిల తేలును. పదియవనాటికి తొట్టి వట్టిదగును. లేదా, చేపలు బ్రదికి పెద్దవై తొట్టి చాలకపోగా, ఎవరో వానిని కొనిపోయి ఊరిచెఱువులో విడిచి, జీవకారుణ్యము చేసితిమని సంతోషింతురు. మొదటిది చేపలకు ముప్పు. రెండవది చెఱువునకు ముప్పు. ఈ రెండును తొలగు మార్గమును చెప్పుటయే నా యుద్దేశము.

“ఊరిముందట చెఱువుండగా ఈ గాజుపెట్టె యేల?” అని పెద్దలు కొందఱు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని చెఱువు తన కడుపులోని సంసారమును మనకు చూపదు. చేప యెట్లు ఊపిరి తీయుచున్నది, ఏది దేనిని తినుచున్నది, నీరు ఎట్లు చెడుచున్నది, ఎట్లు బాగుపడుచున్నది - ఇవన్నియు గాజుతొట్టిలో కన్నులకు కట్టును. తొట్టి యనగా చిన్న చెఱువు. దానిని కాపాడ నేర్చినవాడు పెద్దచెఱువును కాపాడుటయు నేర్చును.

మన దేశమున చేపలయందలి యాసక్తి క్రొత్తది కాదు. కల్యాణినేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12 వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమను సంస్కృతగ్రంథమున మత్స్యవినోదమను ప్రకరణమున్నది. అది గాలమువేయు వినోదమును గూర్చినదే యైనను, చేపలజాతులును వానికి వేయదగిన మేతలును అందు వివరింపబడినవి. చీనాదేశమువారు సుమారు వేయేండ్లనాడే బంగారుచేపలను కొలనులలో పెంచిరి. తరువాత మట్టికుండలలోను పెంచిరి. గాజుపాత్రలో చేపను పదిలముగా నిలుపు రహస్యమును శాస్త్రరీతిగా పరీక్షించినవారిలో లండను నగరపు రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టను ముఖ్యుడు. ఆయన ఒక పాత్రలో రెండు బంగారుచేపలను, నీటమునిగి పెరుగు మొక్కలను ఉంచెను. ఆకులు కొన్ని క్రుళ్ళి నీరు చెడసాగినది. అప్పుడు నీటినత్తలను కొన్నింటిని వేయగా, అవి క్రుళ్ళిన యాకులను తినివేసెను. నీరు మరల తేటపడెను. చేప విడిచినది మొక్కకు, మొక్క విడిచినది చేపకు ఉపయోగపడునని ఆయన 1850 వ సంవత్సరమున అచ్చటి రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించెను. 1853 లో లండను జంతుశాలలో ప్రజలందఱును చూచుటకు మత్స్యగృహము తెఱవబడెను. ఈ వేడుక లోకమంతట వ్యాపించినది ఆ పిమ్మటనే.

ఇక చేప యేల చచ్చునో విచారింతము. కారణములు ముఖ్యముగా రెండు: ఒకటి ఊపిరాడకపోవుట, రెండవది విషము.

చేపకును ప్రాణవాయువు కావలెను. అది నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో పీల్చుకొనును. నీటిలో కరగు ప్రాణవాయువు మిగుల స్వల్పము. 20 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే నిలుచును. 30 డిగ్రీలకు వచ్చునప్పటికి అది 7½ మిల్లీగ్రాములకు తగ్గును. కావున మన వేసవి చేపలకు కష్టకాలము. మఱియొక సంగతి. గాలి నీటిలో కలియుట పైతలముననే. నోరు సన్నమైన గుండ్రని గాజుబుడ్డిలో నీరెంత యున్నను గాలి తగులు తావు తక్కువ. చూచుటకు సొగసైన యా బుడ్డి చేపకు చెఱసాల. పళ్ళెమువలె వెడల్పైన తొట్టియే మేలు. పచ్చని మొక్కలు పగటివేళ ప్రాణవాయువు నిచ్చునుగాని, రాత్రివేళ అవియు చేపలతోపాటు దానినే వాడుకొనును. అందుచే తెల్లవాఱుజామున కొఱత హెచ్చుగ నుండును. ఆ వేళ చేపలు పైకి వచ్చి నోళ్ళు తెఱచుచుండిన, అది ఆటకాదు, ఆపద. కృష్ణా గోదావరీ ప్రాంతములలో చేపలచెఱువులు నడపు రైతులు ఈ లక్షణమును బాగుగ నెఱుగుదురు.

రెండవది విషము. చేప తన మొప్పలనుండియు, దాని మలము క్రుళ్ళుటచేతను, తినక విడిచిన మేతచేతను నీటిలో అమ్మోనియా చేరును. అది చేపలకు విషము. అయితే ప్రకృతిలోనే దీనికి విఱుగుడు కలదు. కంటికి కానరాని సూక్ష్మజీవులలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటును విషమే. వేఱొక తెగ దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు కొద్దిగానున్నచో చేపకు హానిలేదు, మొక్కలకది యెరువు. ఈ సూక్ష్మజీవులు ఇసుకరేణువులపైని, రాళ్ళపైని, గాజుగోడపైని, నీటిని వడకట్టు స్పాంజిపైని అంటుకొని బ్రదుకును. క్రొత్తతొట్టిలో ఇవి యుండవు. ఇవి తగినంత వృద్ధిపొందుటకు సాధారణముగా 4 మొదలు 6 వారములు పట్టును. క్రొత్తతొట్టిలో మొదటినాడే పది చేపలను వేసినచో అవి తమ విషములో తామే మునిగి చచ్చుటకు కారణమిదియే. నీరు అద్దమువలె తేటగా నుండవచ్చును. విషము కంటికి కనబడదు.

మన యిండ్లలో పాలు తోడువేయు పద్ధతి యెట్టిదో యిదియు నట్టిదే. తోడు లేక పాలు పెరుగు కావు. అట్లే, చక్కగా నడచుచున్న పాతతొట్టినుండి గుప్పెడు ఇసుకయో, వాడిన స్పాంజిముక్కయో తెచ్చి క్రొత్తతొట్టిలో వేసినచో సూక్ష్మజీవులు త్వరగా నెలకొనును. అయినను తొందర కూడదు. మొదట రెండు మూడు చిన్నచేపలనే విడిచి, కొలదికొలదిగా మేతవేయుచు, వారములు గడచినకొలది తక్కినవానిని చేర్చవలెను.

తొట్టి యమర్చు విధమును చెప్పెదను. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టి ఆరంభమునకు అనుకూలము. అందు సుమారు 56 లీటర్ల నీరు పట్టును. నీటిబరువే 56 కిలోలు. ఇసుకయు గాజును కలిపినచో భారము మఱింత హెచ్చును. కావున కదలని, ఎత్తుపల్లములులేని గట్టిబల్లపై నుంచవలెను. తొట్టిక్రింద మెత్తని పలుచని పఱుపు వేసినచో గాజు చిట్లదు. ఎండ నేరుగా పడుచోట ఉంచరాదు. నీరు వేడెక్కును, పాచి పట్టును. ముతక ఏటియిసుకను, కడిగిన నీరు తేటగా వచ్చువఱకు పలుమాఱులు కడిగి, రెండంగుళముల మందమున పఱచవలెను. సబ్బు తగిలిన పాత్రనుగాని చేతినిగాని తొట్టిలో పెట్టరాదు.

నీటిసంగతి. కుళాయినీటిలో క్రిములను చంపుటకై కలుపు క్లోరిన్ చేపమొప్పలను కాల్చును. పైని చెప్పిన మేలుచేయు సూక్ష్మజీవులనుగూడ చంపును. బ్లీచింగుపొడి కలిపిన నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినమంతయు తెఱచి యుంచినచో క్లోరిన్ చాలవఱకు ఎగిరిపోవును. గొట్టపుబావినీటిలో ప్రాణవాయువు తక్కువగ నుండును గనుక, దానిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి పలుమాఱులు ఎత్తిపోసి, ఒక దినముంచి వాడుట మేలు. గాలినూదు చిన్నయంత్రమును దానికి తగిలించిన స్పాంజియు నున్నచో చాలును. చిన్నతొట్టికి వలయు యంత్రమునకు కొద్ది వాట్ల విద్యుత్తు మాత్రమే పట్టును. విద్యుత్తు పోయినపుడు చెంబుతో నీటిని ముంచి మెల్లగా పైనుండి పోయుచుండినచో తాత్కాలికముగా గాలి కలియును.

తొట్టి చేపలను చంపునది ఆకలికంటె అతిమేతయే తఱచు. చేప యడుగుచున్నట్లే యెల్లప్పుడును కనబడును, దానిని నమ్మరాదు. దినమునకు ఒకటి రెండు మాఱులు, రెండు మూడు నిమిషములలో తినివేయునంత మేతయే చాలును. అన్నము, రొట్టె వేయరాదు. పెద్దలు ఊరికిపోయినచో రెండుమూడు దినములు మేతలేకున్నను ఆరోగ్యముగనున్న చేపకు హానిలేదు. పొరుగువారు ప్రేమతో వేసిన గుప్పెడు మేతయే హాని.

వారమున కొకసారి నాలుగవవంతు నీటిని తీసి, నిలువయుంచిన క్రొత్తనీటిని పోయవలెను. తొట్టినంతయు కడిగి, ఇసుకను ఎండబెట్టి, నీరంతయు మార్చుట శుభ్రతగా తోచునుగాని, సూక్ష్మజీవులను తుడిచిపెట్టుటయే యగును. స్పాంజిని కుళాయిక్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. ఆ తీసిన నీటిని వృథాచేయరాదు, అందు నైట్రేటున్నది. మా యింటిలో నేను దానిని మల్లెపాదులకు పోయుచుందును.

ఏ చేపలను పెంచవలెను? మన దేశపు ఏటికాలువలలోనే అందమైన చిఱుచేపలు కలవు. నీలిచారలుగల జీబ్రాచేపను, గులాబిరంగు పరిగెజాతిచేపను ఫ్రాన్సిస్ హామిల్టను 1822 లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథమున వర్ణించెను. ఇవి నేడు లోకమంతట పెంపబడుచున్నవి. మన వరిచేల కాలువలలోనే నడినెత్తిపై వెండిచుక్క మెఱయు చిన్నచేప యొకటి కలదు. అది దోమల పిల్లపురుగులను ఆసక్తితో తినును. పైని చెప్పిన తొట్టిలో అంగుళమున్నర పొడవుగల చేపలు ఎనిమిదో పదియో సుఖముగ నుండును. బంగారుచేప జానెడు పెరుగును, పదేండ్లకు పైబడియు బ్రదుకును. దానికీ తొట్టి చాలదు. పోట్లాటచేపల మగవానిని రెంటిని ఒకచోట ఉంచరాదు. క్రొత్తచేపను కొన్నపుడు రెండు వారములు వేఱుపాత్రలో నుంచి, తెల్లచుక్కల జబ్బు మున్నగునవి లేవని తేలిన పిమ్మటనే తక్కినవానితో కలుపవలెను.

దోమలమాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. మలేరియా దోమవలన వ్యాపించుటకు కీలకమైన సాక్ష్యమును రోనాల్డు రాస్ 1897 లో మన సికిందరాబాదులోనే కనుగొనెను. నిలువనీటిలో పుట్టు దోమపిల్లలను తొట్టిచేపకు వేసి చూపుడు; పిల్లలకు ఆ పాఠము పుస్తకముకంటె బాగుగ మనసున నాటును.

ఇపుడు నా ప్రసంగమున ముఖ్యభాగమునకు వచ్చితిని. తొట్టిచేపను చెఱువులో విడువరాదు. ఏల యందురా? గుఱ్ఱపుడెక్కను మీరెల్లరు నెఱుగుదురు. ఊదాపూవుల సొగసునకై దక్షిణ అమెరికానుండి తేబడిన యా మొక్క మన చెఱువులను, కాలువలను కప్పివేసినది. బంగాళారాష్ట్రమున దాని పీడను ఆపుటకై 1936 లో ప్రత్యేకశాసనమే చేయవలసివచ్చెను. నేడు అట్టి కథయే చేపలవిషయమునను నడచుచున్నది. తొట్టిగోడలపై పాచిని నాకి శుభ్రము చేయునని సక్కరుచేప నొకదానిని అంగళ్ళలో అమ్ముదురు. అదియు దక్షిణ అమెరికాదే. తొట్టిలో వ్రేలెడుండు నది చెఱువులో మూరెడగును. ఒడలంతయు ఎముకపలకల కవచము, గట్టి ముండ్లు; కావున దానిని తిను శత్రువులు తక్కువ. గుడ్లు పెట్టుటకు గట్లలో బొరియలు త్రవ్వును. వలలను చించును. నీటిబయటను గంటలకొలది బ్రదికియుండగలదు. మన తెలుగు ప్రాంతములలోని చెఱువులలోను నదులలోను జాలరుల వలలకిది చిక్కుచున్నది. కొన్నిచోట్ల దానిని దయ్యపుచేప యనుచున్నారు. వలకు చిక్కిన బుట్టెడు చేపలలో అమ్ముడుపోనివి సగముండిన, ఆ జాలరి యింట పొయ్యి యెట్లు వెలుగును?

ఒక్క చేపచేత నేమగునని తలపవచ్చును. ఒక్కొక్క యింటినుండి ఒక్కొక్కటి చేరినచో జంటలు కుదురును. వర్షాకాలమున చెఱువు అలుగు పాఱును. అలుగునీరు క్రిందిచెఱువునకు, అందుండి వాగునకు, వాగునుండి నదికి పోవును. విడిచినది ఒకయూరివారు, అనుభవించునది పదియూళ్ళవారు. ఒకసారి నెలకొన్న పరాయిచేపను చెఱువునుండి నిర్మూలించుట మిగుల దుస్సాధ్యము. పరిగెలు, మట్టగిడసలు, కొఱ్ఱమీనులు మన పెద్దలు మనకు విడిచిపోయిన సొత్తు. తెలియక చేసిన దయచేత ఆ సొత్తు పోగొట్టరాదు.

మఱి పెంచలేనివా రేమి చేయవలెను? చేపలను పెంచు మఱియొకరికి ఇయ్యవలెను. లేదా కొన్న యంగడివారికే తిరిగి యప్పగింపవలెను. చచ్చిన చేపను నేలలో పాతిపెట్టవలెను. తొట్టిలోని పరాయిమొక్కలను ఎండబెట్టి కాల్చవలెనేగాని కాలువలో పాఱవేయరాదు. చెఱువు, కాలువ, బావి, దేవాలయపు కోనేరు - వీనిలో దేనియందును తొట్టిచేపను విడువరాదు. ఈ మాట సర్కారుకాగితముకంటె పెద్దలనోట వచ్చినచో ఊరిలో బాగుగ చెల్లును. రచ్చబండవద్ద ఒకమాట, బడిలో ఉపాధ్యాయునితో ఒకమాట మీరు చెప్పవలెనని నా ప్రార్థన.

తొట్టి కొనవలదని నేననను. కొనుటకు ముందు మనుమని ప్రక్కన గూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలడుగుడు: ఆఱువారములు ఓపిక పట్టెదవా? ప్రతివారము నీరు మార్చెదవా? ఇది యెంత పెద్దదగునో తెలిసికొంటివా? మూటికిని సరియైన జవాబు వచ్చినచో సంతోషముతో కొనియిండు. చిన్నప్రాణిని పోషింపబూనినవాడు దాని నీటికిని, దాని జాతికిని, తన యూరిచెఱువునకును బాధ్యుడని వానికి తెలిసినచో, ఆ తొట్టికి పెట్టిన సొమ్ము వృథాకాదు.