పందెపు గుఱ్ఱము కాలు ఏల విరుగును?

2008వ సంవత్సరము మే 3వ తేదీన అమెరికాలోని లూయివిల్ నగరమున కెంటకీ డెర్బీ పందెము జరిగినది. పరుగెత్తిన 20 గుఱ్ఱములలో ఆడుగుఱ్ఱము ఒక్కటే. దాని పేరు ఎయిట్ బెల్స్. అది సుమారు 2 కిలోమీటర్లు పరుగెత్తి రెండవదిగా గమ్యము చేరినది. గమ్యము దాటి వేగము తగ్గించుచుండగా ముందుకాళ్లు రెండును విరిగి కూలినది. వైద్యులు మైదానములోనే మందిచ్చి దాని ప్రాణము తీయవలసివచ్చినది.

మనిషి కాలు విరిగిన కట్టు కట్టుదురు గదా, గుఱ్ఱమునేల చంపవలెను? తరగతిలో ఈ ప్రశ్న తప్పక వచ్చును. నడిమివ్రేలిని బల్లపై నిలువుగా ఆనించి చూడుడు. గుఱ్ఱము నిలుచునది అట్లే. దాని ముందుకాలిలో మోకాలివలె కనబడునది మన మణికట్టుతో సమానము. డెక్క ఆ వ్రేలి గోరు. ఆ కీలుకు దిగువ కండ దాదాపు లేదు. ఎముక, స్నాయువులు, పలుచని చర్మము మాత్రమే ఉన్నవి. అందుచేత విరిగిన ఎముక చర్మమును చీల్చుట, రక్తనాళములు తెగుట సులభము. గుఱ్ఱము బరువు సుమారు 500 కిలోలు. పూర్తి వేగమున ఒక్కొక్క అడుగులో దానికి రెండున్నర రెట్ల భారము ఒకే కాలిపై పడును.

గాయపడిన కాలిని ఎత్తి నిలిచినచో తక్కిన కాళ్ల డెక్కలలోని సున్నితపు పొరలు వాచి చెడును. 2006లో ప్రీక్‌నెస్ పందెమున వెనుకకాలు విరిగిన బార్బరోకు 8 నెలలు చికిత్స జరిగినది. ఈ డెక్కల జబ్బు ముదిరి, 2007 జనవరిలో దానిని చంపవలసివచ్చినది.

ఎముక రాయి కాదు, జీవించు పదార్థము. కఠినమైన పరుగులలో దానియందు సూక్ష్మమైన బీటలు పడును. శరీరము ముందుగా చెడిన భాగమును తొలగించి, పిమ్మట క్రొత్త ఎముకను నింపును. తొలగింపు వారములలో ముగియును. నింపుటకు నెలలు పట్టును. ఈ నడిమి కాలమున ఎముక బలహీనము. అప్పుడే మరల పరుగెత్తించినచో విరుగును. ప్రాణాంతకముగా విరిగిన ఎముకలలో పెక్కింట పాత గాయపు గుర్తులున్నట్లు కాలిఫోర్నియా పరిశోధకులు కనుగొనిరి. నొప్పి తెలియనీయని మందుల ప్రమాదమంతయు ఇక్కడనే ఉన్నది. నోరులేని జంతువునకు కుంటుటయే మాట. మందు ఆ మాటను నొక్కివేయును.

ఎయిట్ బెల్స్ శరీరమున స్టిరాయిడ్లు కనబడలేదు. అయినను ఆ చావు రేపిన అలజడితో పెక్కు రాష్ట్రములు వానిని నిషేధించినవి. 2018 డిసెంబరు చివరి నుండి ఆరు నెలలలో శాంటా అనీటా మైదానమున 30 గుఱ్ఱములు చనిపోయినవి. అక్కడ 2019లో, నిలుచున్న గుఱ్ఱము కాలిని పరీక్షించు పెట్ స్కాన్ యంత్రమును నెలకొల్పిరి. ఎముక విరుగకమునుపే చెడుచున్న చోటు అందులో తెలియును. 2020లో దేశమంతటికి చట్టము వచ్చినది. 2022 జూలై నుండి పశువైద్య పరీక్షలు, మైదానముల తనిఖీ దానిక్రిందికి వచ్చినవి. ఒక పందెమున కొరడా దెబ్బలు ఆరుకు మించరాదు. 2009లో వేయి పరుగులకు 2.00గా నున్న మరణములు, ఈ చట్టమును పాటించు మైదానములలో 2024 నాటికి 0.90కి తగ్గినవి.

మట్టి మైదానములకంటె కృత్రిమ తలములపై మరణములు తక్కువని లెక్కలు చూపుచున్నవి. కెంటకీ డెర్బీ నేటికిని మట్టిమీదనే జరుగుచున్నది.