బోరుకొచ్చిన అంబాసిడర్... బాగుచేద్దామా? మార్చేద్దామా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఒకప్పుడు కారంటే అంబాసిడరో, ఫియెట్టో. కాదంటే జీపు. పెళ్లికొడుకు ఊరేగాలన్నా, ఓట్లడగడానికి తిరగాలన్నా, అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే పెద్దాసుపత్రికి పరుగెత్తాలన్నా అవే దిక్కు. 1977లో నీలం సంజీవరెడ్డిని, 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావును నంద్యాల లోక్‌సభకు పంపించిన కాలం సంగతిది.

ఆనాటి బండి ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక చిక్కు తప్పదు. పెద్దాయన ముచ్చటపడి కొన్నది కాబట్టి అమ్మబుద్ధి కాదు. అలాగని నడపబుద్ధీ కాదు. తాళం తిప్పితే నీలం పొగ. గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఎక్కమంటే ఆయాసం. మెకానిక్కు చెవి పెట్టి విని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు... ‘ఇంజిన్ బోరుకొచ్చింది!’

ఇక ఇంట్లో పంచాయితీ మొదలు. పెద్దాయన ‘బోరు కొట్టిద్దాం’ అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవడు ‘ఆ ముసలి ఇంజిన్ ఎందుకు జేజినాయనా, డీజిలుది వేయించేద్దాం, ఏసీ కూడా పెట్టించుకోవచ్చు’ అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ ఇంజిన్‌ను కొలవకుండా ఇద్దరిలో ఎవరు చెప్పినా అది ఊహే.

పొగ చూసి తీర్పు చెప్పకూడదు

నీలం పొగంటే ఆయిలు కాలుతోందని అర్థం. అది ఎక్కడినుంచి దిగుతోందన్నదే అసలు ప్రశ్న. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని కాసేపటికి ఆగిపోతే వాల్వు గైడ్ల మీద అనుమానపడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగుల మీదా, బోరు మీదా. దీన్ని తేల్చడానికి పాతకాలపు చిట్కా ఒకటుంది. ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజి పెట్టి చూడాలి. తర్వాత సిలిండర్లో చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ చూడాలి. ముల్లు బాగా పైకెక్కిందా... అరిగింది రింగులో, బోరో. ఎక్కకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదేమో చూడాలి. వాల్వులదే తప్పయితే హెడ్డు ఒక్కటీ విప్పితే సరిపోతుంది. అలాంటి బండికి ఇంజినే మార్చేయడమంటే పంటినొప్పికి తల తీయించుకోవడమే!

వేడెక్కాక ఆయిలు ప్రెషర్ పడిపోతూ, కింద నుంచి దబదబమని చప్పుడొస్తుంటే మాత్రం కథ వేరు. బేరింగులు అరిగాయేమో, క్రాంకు దెబ్బతిందేమో విప్పి చూడాల్సిందే.

స్పోర్ట్స్ కారు బంధువు

పాత పెట్రోలు అంబాసిడర్లలో ఎక్కువగా కనిపించేది 1489 సీసీ ఇంజిన్. ఇంగ్లండు బీఎంసీ కంపెనీ ‘బీ సిరీస్’లోది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబం ఇంజినే. బోరు కొలత కూడా ఒకటే... 73.025 మిల్లీమీటర్లు. బ్లాకు పోత ఇనుముది. అరిగితే లేత్ షాపులో బోరు పెంచి లావు పిస్టన్లు వేసుకోవచ్చు. అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 10, 20, 30, 40 ఓవర్‌సైజులుంటాయి. క్రాంకునూ అలాగే గ్రైండింగ్ చేయించి మందం బేరింగులు వేస్తారు.

ఇక్కడే తొందరపాటు పనికిరాదు. ఉలి తీసేసిన రాయి మళ్లీ అతుక్కోదని ఆళ్లగడ్డ శిల్పులకు ఎవరూ చెప్పక్కర్లేదు. బ్లాకూ అంతే. 20 సైజుతో పోయేదానికి 40 కొట్టించేస్తే రేపటికి మిగిలేది తక్కువ. ముందు పిస్టన్లు ఏ సైజువి దొరుకుతాయో చూసుకుని, వాటిని చేతిలో పెట్టుకుని, వాటి కొలతకే బోరు కొట్టించాలి. చాలామంది ఉల్టా చేస్తారు. బోరు కొట్టించి, పిస్టన్ల కోసం ఊళ్లు తిరుగుతారు. 2014 మేలో ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ తయారీ ఆపేసింది. ఇక విడిభాగాలంటే విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్‌లలో గాలించుకోవాల్సిందే.

40 కూడా దాటిపోయిన బ్లాకుకు స్లీవులు దింపి మళ్లీ మొదటి సైజుకు తేవచ్చు. ఆశ వదులుకోవాల్సింది బాగుచేయడానికి వీల్లేకుండా బ్లాకు పగిలినప్పుడే.

మారిస్తే ఎన్ని మారాలి?

ఎనభై, తొంభైల్లో పెట్రోలు బండికి డీజిలు ఇంజిన్ వేయించడానికి గట్టి కారణమే ఉండేది. డీజిలు అంత చవక. 2014 అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ ఎత్తేశారు. ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. ఏడాదికి నాలుగుసార్లు అహోబిలానికో, మహానందికో వెళ్లొచ్చే కారుకు ఇంధనం ఆదా లెక్క ఎప్పటికి తీరేను?

తొంభైల్లో హిందుస్థాన్ మోటార్సే ఇసుజు 1800 సీసీ పెట్రోలు ఇంజిన్‌తో అంబాసిడర్‌ను తెచ్చింది. మార్చక తప్పదనుకుంటే అదే నయం. అయితే దానితోపాటు ఐదు గేర్ల బాక్సూ వస్తుంది. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు పోయి కింద నుంచి గేరు వేసుకోవాలి. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటరు, సైలెన్సరు... ఒకటి కదిలిస్తే పది కదులుతాయి. వేగం పెరిగితే పాత డ్రమ్ము బ్రేకుల సంగతీ చూడాలి. ఇంజిన్ ధర చూసి ‘చవకే’ అనుకున్నవాళ్లకు చివరి బిల్లు చూశాక నోట మాట రాదు.

ఆపైన కాగితాలు. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖకు చెప్పకుండా, ఆర్‌సీలో ఎక్కించకుండా ఇంజిన్ మార్చకూడదు. పాత సామాన్ల కొట్లో బిల్లు లేకుండా కొన్న ఇంజిన్ అయితే అది ఏ బండిదో, ఎలా వచ్చిందో తేల్చడం ఇంకో తలనొప్పి.

మరో విషయం చాలామందికి తెలియదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు ఆ గుర్తింపు కోరవచ్చు. షరతేమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి దాన్ని వాడకూడదు కూడా. తొలిసారి రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది. అంటే 1975కు ముందు రిజిస్టరైన అంబాసిడర్‌లో ఈ రోజు డీజిలు ఇంజిన్ దించితే, రేపు ఆ గుర్తింపు దక్కడం కష్టమే. మనవడికి ముందు చెప్పాల్సింది ఈ సంగతి.

అయినా మార్చాలనే నిర్ణయించుకుంటే, దించిన పాత ఇంజిన్‌ను ఇనుప తుక్కు కింద తూకానికి వేయొద్దు. ఆయిలు పట్టించి, రంధ్రాలు మూసి, చెక్కదిమ్మెల మీద పెట్టి ఉంచాలి. ఆర్‌సీలో మొదట ఎక్కిన నంబరు దానిమీదే ఉంది మరి!

బాగుచేయించేవాళ్లు విప్పినప్పుడే ఇంకో రెండు పనులు కానిచ్చుకుంటే మంచిది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు ఆ సీసం అండతో మన్నేవి. కాబట్టి గట్టి సీట్లు వేయించాలి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. దానికి పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. అవీ మార్చేయాలి.

బండి బయటికొచ్చాక మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగానే నడపాలి. గంటకు 60 దాటకుండా, అలాగని ఒకే వేగంతో కాకుండా. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఆరుసార్లు వెళ్లొస్తే లెక్క దాదాపు సరిపోతుంది. తర్వాత ఆయిలు మార్చి, హెడ్డు బోల్టులు మరోసారి బిగించి, వాల్వు క్లియరెన్సు చూసుకోవాలి. ఈ ఆరు ట్రిప్పులూ ఘాట్ వైపు మాత్రం వెళ్లొద్దు.