ట్యాంకుల బడిలో ఓ మధ్యాహ్నం

‘అన్నా, అందరి ఆధార్ కార్డులు ఒరిజినల్ తేవాలె. జిరాక్స్ నడవదు.’

కసమ్ పరేడ్‌కి ముందురోజు రాత్రి తమ్ముడు ఫోన్ చేసి చెప్పింది ఇదొక్కటే. బాగున్నారా, తిన్నారా లాంటివేం లేవు. ఆరేడు నెలల కింద జగిత్యాల బస్టాండ్‌లో చిన్నమ్మ భుజం మీద తలపెట్టి ఏడ్చిన పిల్లాడు వీడేనా అనిపించింది.

వాడు మా చిన్నమ్మ కొడుకు. అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు. మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో ట్రైనింగ్. మనలో చాలామందికి అహ్మద్‌నగర్ అంటేనే తెలుస్తుంది, 2024లో పేరు మారింది. అక్కడి మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటల్ సెంటర్‌లో వాడు నేర్చుకున్నది బీఎంపీ-2 అనే బండి గురించి. ముగ్గురు సిబ్బంది నడుపుతుంటే వెనక ఏడుగురు జవాన్లు కూర్చుని వెళ్లే ఉక్కు వాహనం. నీళ్లలో కూడా ఈదుతుంది. ఇంతకీ మన దేశంలో దాన్ని తయారుచేసేది ఎక్కడో తెలుసా? మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉన్న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో! హైదరాబాద్ పక్కన పుట్టిన బండిని నేర్చుకోవడానికి మావాడు అహిల్యానగర్ దాకా వెళ్లాడన్నమాట.

నిజం చెప్పాలంటే వాడు ఆర్మీకి వెళ్తానన్నప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా వద్దన్నది నేనే. ‘నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందినే ఉంచుకుంటారు, మిగతా వాళ్ల సంగతేంటి? డిగ్రీ పూర్తిచెయ్, నేను జావా నేర్పిస్తా’ అన్నాను. వాడు విని, తలూపి, తెల్లారి మళ్లీ గ్రౌండ్‌కి పరుగుకెళ్లాడు. పుణెలో ఏసీ ఆఫీసులో కూర్చునే నాకు వాడి పట్టుదల అప్పట్లో మొండితనంలాగే కనిపించింది.

చిన్నమ్మ, చిన్నాయన సికింద్రాబాద్ నుంచి రైల్లో పుణె వచ్చారు. అక్కణ్నుంచి ముగ్గురం కారులో 120 కిలోమీటర్లు. పరేడ్‌లో వందల మంది ఒకేలా అడుగేస్తుంటే ‘మనోడేడిరా?’ అని చిన్నమ్మ ఒకటే వెతుకులాట. అయిపోయాక తల్లిదండ్రులకి గౌరవ్ పదక్ అని చిన్న పతకం పెట్టారు. చిన్నమ్మ దాన్ని చీరకొంగుతో తుడుస్తూనే ఉంది, దానికి దుమ్మేం లేకపోయినా.

మధ్యాహ్నం వాడికి కొన్ని గంటలు బయటికెళ్లే పర్మిషన్ దొరికింది. మంచి హోటల్‌కి తీసుకెళ్దామనుకుంటే ‘తిన్నంక ట్యాంక్ మ్యూజియం చూపిస్తా’ అన్నాడు.

గేటు దాటగానే వేరే లోకం

కావల్రీ ట్యాంక్ మ్యూజియం అహిల్యానగర్ కంటోన్మెంట్ ప్రాంతంలో ఉంది. దీన్ని నడిపేది ఆర్మర్డ్ కోర్ సెంటర్ అండ్ స్కూల్, అంటే మన సైన్యంలో ట్యాంకు నడపబోయే వాళ్లందరికీ బడి. 1994లో మొదలైంది. మామూలు మ్యూజియానికి వెళ్లినట్టు చేతులూపుకుంటూ వెళ్లకండి. చుట్టూ పనిచేస్తున్న సైనిక శిక్షణ కేంద్రం ఉంది. ఐడీ కార్డు దగ్గరుంచుకోండి. ఫోన్, కెమెరా రూల్స్, టైమింగ్స్ వెళ్లేముందే కనుక్కోండి. నేనైతే ఫోన్ కారులోనే పెట్టేశాను. మొదటి పది నిమిషాలు చెయ్యి ఊరికే జేబులోకి వెళ్లింది. తర్వాత కళ్లతో చూడటం అలవాటైంది!

లోపల పచ్చిక మధ్యలో దాదాపు 50 వాహనాలు. మొదటి ప్రపంచయుద్ధం కాలం నాటి రోల్స్ రాయిస్ సాయుధ కారు, బ్రిటిష్ మటిల్డా, చర్చిల్, జపాన్ వాళ్ల బుల్లి హా-గో, అమెరికన్ స్టూవర్ట్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఏఎంఎక్స్-13, రష్యన్ పీటీ-76... యుద్ధాల్లో పాకిస్తాన్ నుంచి పట్టుకున్న ట్యాంకులు కూడా ఇక్కడున్నాయి.

చిన్నాయన మాత్రం మద్రాసు పక్కన ఆవడిలో తయారైన విజయంత దగ్గర ఆగిపోయాడు. ఊళ్లో ఆయనకి ట్రాక్టర్ ఉంది. వంగి చెయిన్ చూసి, ‘దీని లింకు ఒక్కటి తెగితే పొలంల ఎట్ల మారుస్తరు?’ అన్నాడు. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని పిన్ను ఎక్కడ ఉంటుందో, లింకు ఎలా జోడిస్తారో చూపించాడు. చదువులో ఏ రోజూ నోరెత్తని వాడు నాన్నకి పాఠం చెప్పడం అదే మొదటిసారి.

గుర్రం దిగి ట్యాంకెక్కారు

ట్యాంకుల మ్యూజియానికి ‘కావల్రీ’ అనే పేరేంటని నాకూ డౌటొచ్చింది. కావల్రీ అంటే అశ్వదళం కదా. విషయమేంటంటే, మన ట్యాంకు రెజిమెంట్లలో చాలావరకు ఒకప్పుడు గుర్రపు దళాలే. 1938లో మొదటగా రెండు దళాలు గుర్రాలు వదిలి ఇంజన్లకి మారాయి. ఒకటి సింధ్ హార్స్, రెండోది 13 లాన్సర్స్. దేశ విభజనలో సింధ్ హార్స్ మనకొచ్చింది, 13 లాన్సర్స్ పాకిస్తాన్‌కి వెళ్లింది. ఈ 13 లాన్సర్స్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇందులో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. 1790లో నిజాం రాజ్యంలో పుట్టిన గుర్రపు దళమే ఇవాళ్టి దక్కన్ హార్స్. గుర్రాలు పోయినా పేరులో ‘హార్స్’ మిగిలిపోయింది.

స్పెక్స్ చూసి ఓటేస్తే...

కొత్త ఫోన్ కొనేటప్పుడు మనమేం చేస్తాం? పక్కపక్కన పెట్టి స్పెక్స్ చూస్తాం. ట్యాంకుల్ని కూడా అలాగే చూడొచ్చు. తుపాకి ఎంత పెద్దది, కవచం ఎంత మందం, ఎంత వేగంగా పరిగెడుతుంది. ఈ మూడూ ఒకేసారి పెంచలేం. కవచం మందం చేస్తే బరువు పెరిగి వేగం తగ్గుతుంది. వేగం కావాలంటే కవచం పల్చబడాలి. సెంచూరియన్ 50 టన్నుల బండి. పీటీ-76 దాదాపు 14 టన్నులే, నదిలో ఈదేస్తుంది కానీ పెద్ద గుండు తగిలితే అంతే. ప్రతి ట్యాంకూ ఒక రాజీ. సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ చేసేది ఇదేగా అనుకున్నాను. తేడా ఏంటంటే, మా రాజీ కుదరకపోతే యాప్ క్రాష్ అవుతుంది.

అయితే ఇక్కడి ప్యాటన్ ముందు నా స్పెక్స్ లెక్క తేలిపోయింది. 1965లో పాకిస్తాన్ దగ్గరున్న అమెరికన్ ప్యాటన్లు అప్పటికి ఆధునిక ట్యాంకులు. పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర వాటిని ఎదుర్కొన్న మన దళాల్లో దక్కన్ హార్స్ ఒకటి. వాళ్లు ఎక్కింది షెర్మన్ ట్యాంకులు, రెండో ప్రపంచయుద్ధం నాటివి. కాగితం మీద చూస్తే పోటీయే లేదు. మనవాళ్లు పొలాల్లోకి నీళ్లు వదిలారు, చెరకు తోటల్లో మాటు వేశారు. బరువైన ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. సెప్టెంబర్ 8 నుంచి 10 దాకా జరిగిన ఆ పోరులో పాకిస్తాన్ దాదాపు 100 ట్యాంకులు పోగొట్టుకుంది. చెడిపోయినవి, పట్టుబడ్డవి ఒకచోట చేర్చితే ఆ చోటుకి ప్యాటన్ నగర్ అనే పేరొచ్చింది.

‘మా ఉస్తాద్ గిదే చెప్తడు అన్నా’ అన్నాడు తమ్ముడు. ‘బండి కొట్లాడది, బండిల కూసున్నోడు కొట్లాడుతడు అని.’

గ్రెనేడ్ పట్టుకున్న హైదరాబాదీ

మన ఆర్మర్డ్ కోర్‌కి వచ్చిన పరమవీర చక్రాలు రెండు. రెండూ ఒకే రెజిమెంట్‌కి, పూనా హార్స్‌కి. అందులో మొదటివారు లెఫ్టినెంట్ కల్నల్ ఏబీ తారాపోర్. పుట్టింది బొంబాయిలో, సైనిక జీవితం మొదలైంది మాత్రం హైదరాబాద్ సంస్థాన సైన్యంలో.

అక్కడ పదాతి దళంలో ఉన్నప్పుడు ఒక సంఘటన జరిగింది. గ్రెనేడ్లు విసరడం నేర్పుతుండగా, ఓ రిక్రూట్ విసిరింది దూరంగా వెళ్లకుండా తామున్న చోటే పడింది. తారాపోర్ దూకి, దాన్ని తీసి బయటికి విసిరారు. అది పేలి ముక్కలు ఛాతీకి తగిలాయి. తనిఖీకి వచ్చిన హైదరాబాద్ సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ కళ్లముందే జరిగిందిది. ఆయన పిలిచి మెచ్చుకుంటే, తారాపోర్ అడిగింది ఒక్కటే. నన్ను సాయుధ వాహనాల దళానికి మార్చండి అని. అలా హైదరాబాద్ లాన్సర్స్‌లో చేరారు. సంస్థానం విలీనమయ్యాక భారత సైన్యంలోకి, పూనా హార్స్‌కి వచ్చారు.

1965లో సియాల్‌కోట్ సెక్టార్‌లో ఫిల్లోరా, చావిండా చుట్టూ జరిగిన పోరులో ఆయనే ఆ రెజిమెంట్ కమాండెంట్. గాయపడినా వెనక్కి వెళ్లనన్నారు. శత్రువుల ట్యాంకులు దాదాపు 60 కూల్చి, తమవి 9 మాత్రమే పోగొట్టుకున్న రెజిమెంట్ అది. సెప్టెంబర్ 16న ఆయన ప్రాణాలొదిలారు.

ఇంత కథ విన్నాక చిన్నమ్మ అడిగింది: ‘మరి ఆ గ్రెనేడు ఇడిసిపెట్టిన పిల్లగాడు ఏమైండు?’

ఆ మాట నా బుర్రలోకే రాలేదు. అమ్మలు కథ వినే తీరు వేరు.

ఈ బడిలో చదువు సగంలో ఆపేసి...

రెండో పరమవీర చక్ర సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌ది. పేరు మీరు వినే ఉంటారు. నాకు మాత్రం తెలియని విషయం ఒకటుంది. 1971 జూన్‌లో ఆఫీసరైన ఆయన, యుద్ధమేఘాలు కమ్ముకునే నాటికి ఇక్కడ, ఈ అహ్మద్‌నగర్ స్కూల్లోనే కొత్త ఆఫీసర్ల కోర్సులో స్టూడెంట్. కోర్సు మధ్యలో ఆపి అందర్నీ రెజిమెంట్లకి పంపేశారు. కోర్సు పూర్తికాని వాళ్లని యుద్ధంలోకి దింపనని కమాండింగ్ ఆఫీసర్ హనుత్ సింగ్ అంటే, అరుణ్ బతిమాలి ఒప్పించుకున్నాడని చెబుతారు. వెళ్తూ వెళ్తూ గోల్ఫ్ కర్రలు కూడా సర్దుకున్నాడట, గెలిచాక లాహోర్‌లో ఆడతానని!

డిసెంబర్ 16. బసంతర్ నది దాటాక జర్పాల్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్లు ఎదురుదాడికి వచ్చాయి. అవి 13 లాన్సర్స్‌వి. 1938లో సింధ్ హార్స్‌తో పాటు గుర్రం దిగిన దళమే! అరుణ్ ఎక్కిన సెంచూరియన్ పేరు ఫామగుస్తా. దానికి గుండు తగిలి మంటలంటుకున్నాయి. దిగిపొమ్మని రేడియోలో ఆర్డర్ వచ్చింది. తుపాకి ఇంకా పనిచేస్తోంది, దిగనన్నాడు. ఇంకా కొట్టాడు. మరో గుండు వచ్చి తగిలింది. అదే రోజు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

ఆ ఫామగుస్తాని ఆయన చదువుకున్న ఈ ఆర్మర్డ్ కోర్ స్కూల్లోనే భద్రపరిచారు. మేం నిలబడింది మ్యూజియంలో ఉన్న సెంచూరియన్ ముందు, అదే రకం ట్యాంకు. తమ్ముడు చెప్పడం ఆపాడు.

‘ఎన్నేండ్లురా ఆ పిల్లగానికి?’ అంది చిన్నమ్మ.

‘21.’

వీడికి 20. ఎవరం ఏం మాట్లాడలేదు. దూరంగా ఎక్కడో ఇంజన్ స్టార్టయిన చప్పుడు. మ్యూజియంలో బండి కాదది, ట్రైనింగ్‌లో ఉన్నది.

ఆ నిశ్శబ్దంలో నాకు అర్థమైందేంటంటే, ఈ మ్యూజియం ముఖ్యంగా మనలాంటి టూరిస్టుల కోసం కట్టింది కాదు. రేపు ఇంజన్ స్టార్ట్ చేయబోయే వాళ్లు ఎవరి సీట్లో కూర్చోబోతున్నారో తెలుసుకోవడానికి. అందుకే ఇది ఊరి మధ్య పార్కులో కాకుండా బడి నీడలో ఉంది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2001లో అరుణ్ తండ్రి, రిటైర్డ్ బ్రిగేడియర్, 81 ఏళ్ల వయసులో తన పుట్టినూరు సర్గోధా చూసుకోవడానికి పాకిస్తాన్ వెళ్లారు. లాహోర్‌లో ఆయనకి ఇంట్లో ఆతిథ్యమిచ్చినాయన పేరు బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్. చివరి రాత్రి ఆయన నోరు విప్పారు. ఆ రోజు 13 లాన్సర్స్‌లో ఉన్నది నేనే, మీ అబ్బాయి నా చేతుల్లోనే పోయాడు అని. కొడుకుని చంపిన మనిషి ఇంట్లోనే అన్ని రోజులూ అన్నం తిన్నానని ఆ తండ్రికి అప్పటిదాకా తెలియదు.

ఈ సంగతి అక్కడ చిన్నమ్మ వాళ్లకి చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

గాలి ఆడుతుందా?

సాయంత్రం వాణ్ని గేటు దగ్గర దింపాం. పక్కనే అహ్మద్‌నగర్ కోట కూడా చూద్దామనుకున్నాం కానీ టైం లేదు. 1942లో నెహ్రూతో పాటు మన పట్టాభి సీతారామయ్యని కూడా నిర్బంధించింది ఆ కోటలోనే. మీరు వెళ్తే రెండిటికీ కలిపి ఒక రోజంతా పెట్టుకోండి.

జావా నేర్పిస్తానన్న నేను వాడికి ఇంక ఏ సలహా ఇవ్వలేదు. నాలుగేళ్ల తర్వాత ఏంటన్న నా ప్రశ్న పోయిందా అంటే, పోలేదు. అలాగే ఉంది. కాకపోతే ఆ ప్రశ్న నాకు తట్టిందంటే వాడికి తట్టి ఉండదని ఎందుకనుకున్నానో ఇప్పుడు అర్థం కావట్లేదు. ‘లీవు దొరికినప్పుడు పుణె రా’ అన్నాను. తలూపాడు.

వాడు దిగి రెండడుగులు వేశాక చిన్నమ్మ కారు అద్దం దించింది. పొద్దుట్నుంచి అడగాలనుకుని ఆపుకున్నట్టుంది.

‘బిడ్డా, ఆ బండి లోపల గాలి ఆడుతదా?’

ఇంజనీరింగ్ చదివింది నేను. జవాబు వాడు చెప్పాడు.

‘ఆడదమ్మా. అలవాటైతది.’