‘మన’వాడి ప్రచారం

‘తమ్ముడూ, మనవాడు నిలబడ్డాడు. కాస్త చూసుకో.’ నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో, విద్యార్థి సంఘం ఎన్నికల ముందు హాస్టల్ గదిలో విన్న ప్రచార ప్రసంగం మొత్తం ఇంతే. అభ్యర్థి గెలిస్తే ఏం చేస్తాడో చెప్పలేదు. కులం పేరూ ఎత్తలేదు. వచ్చినవారు ఆ మాట నా గదిమిత్రుడితో అన్నారు. పక్క మంచం మీద పుస్తకం పట్టుకున్న నన్ను చూసి గొంతు తగ్గించారు. ‘మన’లో నేను లేనన్న సంగతి ఆ తగ్గిన గొంతే చెప్పింది.

ఆ సాయంత్రం మెస్ ముందు సభలో ఒక దళిత అభ్యర్థి మాట్లాడాడు. ఫెలోషిప్ ఆలస్యమైతే మెస్ బాకీ ఎవరి పేరున పేరుకుపోతుందో నెలలవారీగా లెక్క చెప్పాడు. ‘క్యాంపస్‌లోకి కులం తెస్తున్నాడు’ అని వెనుక నుంచి ఎవరో అరిచారు.

2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సులు అభ్యర్థి ఖర్చుకు 5,000 రూపాయల పరిమితి పెట్టాయి, అచ్చు పోస్టర్లను వద్దన్నాయి, కుల మత భావాల పేరిట ఓట్లడగడాన్ని నిషేధించాయి. నిషేధం సబబే. కానీ అది మైకులో పలికిన మాటనే పట్టుకోగలదు. తలుపు మూసిన గదిలోని ‘మనవాడు’ దానికి చిక్కడు.

వక్త మీద నమ్మకం, శ్రోతల ఉద్వేగం, తర్కం: ఒప్పించడానికి అరిస్టాటిల్ చెప్పిన సాధనాలివి. ఆ నమ్మకం ప్రసంగం వల్లనే కలగాలి తప్ప, వక్త గురించి ముందే ఉన్న అభిప్రాయం వల్ల కాదని కూడా ఆయన అన్నాడు. మన క్యాంపస్‌లలో కొందరికి అది ఇంటిపేరుతోనే వచ్చేస్తుంది. మరికొందరు నోరు తెరవగానే యాసతో పోతుంది. ఆగ్రహిస్తే ‘రెచ్చగొడుతున్నాడు’ అంటారు గనుక వారికి ఉద్వేగమూ నిషిద్ధమే. ఇక మిగిలేది లెక్కలు. ఆ లెక్కలకూ కులం ముద్రే.

‘గెలవాలంటే కులం ఊసెత్తకు’ అని మా విద్యార్థులకు సలహా ఇచ్చే సహోద్యోగులున్నారు. నేను ఒప్పుకోను. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1990ల నుంచి అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ‘జై భీమ్’ అని బాహాటంగానే పిలిచింది. ఆ పిలుపును ఎవరైనా అందుకోవచ్చు, ఎవరైనా ఖండించవచ్చు. గుసగుసను ఖండించడం ఎలా? అయితే మాల, మాదిగ విద్యార్థుల గదుల్లోనూ ‘మన’ అన్న గుసగుస నాకు వినిపించింది. దాన్ని దాచిపెట్టి పైవారిని మాత్రమే తప్పుపట్టలేను.

తెలుగు నేల మీది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 1980ల చివర ఆగిన విద్యార్థి సంఘాల ఎన్నికలు తిరిగి మొదలుకాలేదు. వాటిని కోరుతున్న విద్యార్థులు మరొకటి కూడా కోరాలి: జేఎన్‌యూలో జరిగేటట్టు, అధ్యక్ష అభ్యర్థులందరూ ఒకే వేదిక ఎక్కి, అందరి ముందు ఒకరినొకరు ప్రశ్నించుకునే రాత్రి. ‘నీవు ఏ గదుల్లో ఏమని ఓటడిగావు?’ అన్నది అక్కడ మొదటి ప్రశ్న కావాలి.